క్లిక్కర్: రెండేళ్లు వాడాక

మా చిట్టి వీధిలో దొరికిన కుక్క. ఇంట్లో ఎంతో బుద్ధిగా ఉండేది. గేటు దాటితే చాలు, నేనెవరో తెలియనట్టే. స్కూటర్, పిల్లి, పక్క వీధి కుక్కలు... ఏది కనిపించినా ఇక అంతే, పదిసార్లు పిలిచినా చెవి కూడా కదిపేది కాదు. క్లిక్కర్ అంటే నొక్కితే టక్కుమనే చిన్న పరికరం. కుక్క మనకు కావలసింది చేసిన క్షణంలోనే నొక్కి, వెంటనే తిండి పెట్టాలి. 1940ల్లోనే అమెరికాలో జంతువులకు శిక్షణ ఇచ్చే బ్రెలాండ్ దంపతులు ఇలాంటి శబ్దంతో కోళ్లకు కూడా పనులు నేర్పారని చదివాను. కోడికి వచ్చింది చిట్టికి ఎందుకు రాదని ఒక క్లిక్కర్ కొన్నాను.

ఇందులో నాకు నచ్చింది ఒక్కటే, కానీ అది ప్రాణంగా నచ్చింది. కుక్క మన కళ్లలోకి చూసేది అర సెకను. 'గుడ్ గర్ల్' అనేలోపు చూపు ఎటో పోతుంది. క్లిక్కర్ ఆ అర సెకనును పట్టుకుంటుంది. టక్కుమన్న వెంటనే పనీర్ ముక్క. వారం రోజులు వరండాలోనే చేశాం. ఒక సాయంత్రం గేటు బయట స్కూటర్ పోతుంటే చిట్టి దాన్ని చూసింది, ఆగింది, మెడ తిప్పి నన్ను చూసింది. నేను పిలవలేదు. ఆ చూపు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

"అది నిన్ను చూడట్లేదురా, నీ జేబు చూస్తోంది" అంది అమ్మ. నిజమే. క్లిక్ కంటే ముందే నా చెయ్యి జేబులోకి పోతోంది. ముందు శబ్దం, ఆ తర్వాతే చెయ్యి. ఇది అలవాటు కావడానికి నాకే నెల పట్టింది. ఇంట్లో మామూలు డ్రై ఫుడ్ గింజ చాలు. వీధిలో మాత్రం పనీర్ కావాలి, అదీ ఆకలి మీద ఉన్నప్పుడే.

మొదటి దీపావళి రాత్రి చిట్టి మంచం కిందే వణుకుతూ గడిపింది. రెండు రోజులాగి ఎప్పటిలా క్లిక్ చేశాను. తోక ముడుచుకుని వంటింట్లోకి పారిపోయింది. పనీర్ ముక్క నేల మీద అలాగే ఉండిపోయింది. నెలల తరబడి పడ్డ కష్టం ఒక్క చప్పుడుతో పోయిందని ఏడుపొచ్చింది. ఆ తర్వాత క్లిక్కర్‌ని రుమాల్లో నాలుగు మడతలు చుట్టి, పక్క గదిలోంచి ఒక్కసారి నొక్కడం, వెంటనే వచ్చి తినిపించడం. రోజూ ఇదే పని. సంక్రాంతికి గానీ ఆ శబ్దానికి మళ్లీ తోక ఊపలేదు.

ఇప్పుడు కొత్తది నేర్పేటప్పుడే క్లిక్కర్ తీస్తాను. మిగతా వాటికి 'భేష్' అన్న మాట చాలుతోంది, కాకపోతే మాటకు ఆ కచ్చితత్వం లేదు. నేను ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు కుదిరింది. చప్పుళ్లకు బెదిరే కుక్క అయితే మొదటి రోజు నుంచే రుమాల్లో చుట్టి వాడండి.