పాత కారు మైలేజీ పడిపోతే మొదట ఏది మేలు: స్కానరా, సర్వీసా, సొంత పరీక్షా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు పాత కార్లు నడిపేవారు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. పదేళ్లు దాటిన పెట్రోలు కారు ఒకప్పుడు లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 12 దాటడం లేదు. ఒక మెకానిక్ కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే స్కానర్ పెట్టి చూడాలంటాడు, ఇంకో మెకానిక్ ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేసి ఫుల్ సర్వీసు చేయాలంటాడు. దేనితో మొదలుపెట్టాలి? పైసా ఖర్చు లేకుండా బండిని ఇంటి దగ్గర మనమే పరీక్షించుకునే దారి కూడా ఉంది కాబట్టి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం న్యాయం.

ట్యాంకు నింపి, తిరిగిన దూరాన్ని మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో భాగించే ఫుల్ ట్యాంకు లెక్క అందరికీ తెలిసిందే. అయితే ఆ లెక్కలో కనిపించే తగ్గుదల అంతా రోగం కాదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత తరహా కార్లలో దీనివల్ల 6 నుంచి 7 శాతం దాకా మైలేజీ తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికే అంచనా వేసింది. అంటే 16 ఇచ్చిన బండి 15 ఇస్తే మెకానిక్ దగ్గరికి పరుగెత్తనక్కర లేదు. కంపెనీ ఇచ్చిన సైజు కన్నా పెద్ద టైర్లు వేయించిన వారి మీటరు అసలు దూరం కన్నా తక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. ఇవన్నీ తీసేశాక కూడా 12 దగ్గరే ఆగిందంటే బండిలో ఏదో లోపం ఉన్నట్టే.

ఫుల్ సర్వీసుతో మొదలుపెట్టడంలో ఒక మేలుంది: ఎలాగూ మార్చాల్సిన ప్లగ్గులు, ఇంజన్ ఆయిలు మారతాయి. కానీ అది రోగం తెలియకుండా వేసే మందు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పోతుందన్న మాట కార్బురేటర్ కాలానిది. ఇంజెక్టర్ల బండిలో కంప్యూటర్ గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది కాబట్టి, ఫిల్టర్ మూసుకుంటే ప్రధానంగా పికప్ తగ్గుతుంది. ఇంజెక్టర్ల క్లీనింగ్ కూడా నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతుంటేనో, పికప్‌లో తడబడుతుంటేనో ఆలోచించాల్సిన పని. ఇక ట్యాంకులో కలిపే సీసా మందులు, పెట్రోలు ఆదా చేస్తాయని అమ్మే పరికరాల గురించి చర్చే అనవసరం.

స్కానర్ విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ‘లోపాన్ని చూపే కోడ్ ఏమీ రాలేదు, బండి బాగానే ఉంది’ అని చెప్పి పంపించే స్కానింగ్ వల్ల ఉపయోగం తక్కువ, ఎందుకంటే పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ నిదానంగా మందగిస్తే, చాలాకాలం కోడ్ ఇవ్వకుండానే పెట్రోలు తాగించగలదు. దాని అసలు విలువ బండి నడుస్తుండగా కనిపించే అంకెల్లో ఉంది. కంప్యూటర్ పెట్రోలు మోతాదును ఎంత సర్దుతోందో చెప్పే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ పది శాతం దాటి కిందికి పోయిందంటే, పెట్రోలు ఎక్కువ పడుతోందని గ్రహించి కంప్యూటర్ దాన్ని తగ్గించే ప్రయత్నంలో ఉందన్న మాట. అయితే 2010కి ముందు తయారైన చిన్న కార్లలో చాలావాటిలో ఫోనుకు కలిపే బ్లూటూత్ స్కానర్ ఏమీ చదవలేకపోవచ్చు.

నా ఓటు సొంత పరీక్షకే, అందులోనూ రెండు విషయాలకు. టైర్లలో గాలి చూసుకున్నాక, నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా పోయి, చివరి కిలోమీటరు బ్రేకు వీలైనంత తక్కువ వాడి బండిని ఆపి, ప్రతి చక్రం దగ్గరా ముట్టుకోకుండా అరచేయి పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రం సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకోవడం, వెనక హ్యాండ్‌బ్రేకు కేబుల్ వదలకపోవడం పాత బండ్లలో మామూలే.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంజన్ వేడి. మన వైపు బోరు నీళ్ల సంగతి చెప్పనక్కర లేదు. కూలెంట్ బదులు ఆ ఉప్పు నీళ్లే పోస్తూ పోతే రేడియేటర్ లోపల పొలుసు కడుతుంది, మే నెలలో బండి వేడెక్కుతుంది, అప్పుడు కొందరు మెకానిక్‌లు సులువు మార్గంగా, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్‌నే పీకేస్తారు. వేడి సమస్య అప్పటికి తీరినట్టు కనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి ఇంజన్ 80, 90 డిగ్రీలకు చేరడానికి చాలాసేపు పడుతుంది, హైవే మీద గాలి తగలగానే మళ్లీ 60, 70కి జారుతుంది. బండి ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, చిక్కగా ఉన్న ఆయిలు వల్ల రాపిడీ పెరుగుతుంది. చిన్న కార్లలో చాలావాటికి టెంపరేచర్ ముల్లే ఉండదు కాబట్టి యజమానికి ఏళ్ల తరబడి ఈ సంగతి తెలియదు.

దీన్ని పట్టుకోవడం సులువు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యానుకు చేయి దూరంగా ఉంచుతూ, రేడియేటర్ పై గొట్టాన్ని మధ్య మధ్యలో ముట్టుకుని చూడండి. వాల్వ్ సరిగ్గా ఉంటే కొన్ని నిమిషాల పాటు గొట్టం చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. వాల్వ్ లేకపోయినా, తెరుచుకుని ఉండిపోయినా మొదటి నుంచే ఇంజన్‌తో పాటు కొద్దికొద్దిగా వెచ్చబడుతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వ్ కింది గొట్టం వైపు ఉంటుంది, అలాంటి వాటిలో స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడటమే నమ్మకమైన పద్ధతి.

కనుక క్రమం ఇలా ఉంటే మేలు: మొదట చక్రాల పరీక్ష, తర్వాత ఇంజన్ వేడి, అవి రెండూ సరిగ్గా ఉంటేనే ఫ్యూయల్ ట్రిమ్‌లు చూడగల మెకానిక్ దగ్గర స్కానింగ్, చిట్టచివర ఇంజెక్టర్లు. వాల్వ్ లేదని తేలితే కొత్తది వేయించి, బోరు నీళ్లు పూర్తిగా తీయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి. అలా చేశాక బండి మళ్లీ వేడెక్కుతుంటే రేడియేటర్ మూసుకుపోయి ఉండవచ్చు. దాన్ని విప్పించి శుభ్రం చేయించాలి, ఫలితం లేకపోతే రేడియేటర్‌నే మార్పించాలి. అంతేగానీ వాల్వ్‌ను మళ్లీ తీయనివ్వకండి.