రెండు వారాల బ్యాటరీ, పక్కనే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే: ఈ రెండూ కలిపి చూపించే వాచ్ కొనేముందు ఇది చదవండి

ఇప్పుడే కస్టమర్ కేర్ చాట్ అయిపోయింది. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఆగకుండా రాసేస్తున్నా. మనందరం కొనే ఆ యాప్‌లోనే తీసుకున్నా, ఆ గుండ్రటి ఆమోలెడ్ వాచ్. పేరు ఇక్కడ పెట్టట్లేదు. మొదటి ఫొటోలోనే పెద్ద పెద్ద అక్షరాల్లో రెండు వారాల బ్యాటరీ అనీ, దాన్ని ఆనుకుని ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే (ఏఓడీ, అంటే తెర ఆరిపోకుండా ఎప్పుడూ టైము చూపించడం) అనీ కనిపిస్తే జాగ్రత్త పడండి.

నాకు ఏఓడీ సోకు కోసం కాదు, నిజంగా అవసరం. బండి మీద ఉన్నప్పుడో, రెండు చేతుల్లో సామాను ఉన్నప్పుడో చెయ్యెత్తి, మణికట్టు తిప్పి, స్క్రీన్ వెలిగేదాకా ఆగడం కుదరదు. అలా ఓ చూపు చూస్తే టైము కనబడాలి. మామూలు చేతి గడియారం ఎప్పట్నుంచో చేస్తున్న పనే కదా. ఆ ఒక్కదానికోసమే వేరే మోడళ్లు వదిలేసి దీన్ని ఎంచుకున్నా.

ఫుల్ ఛార్జ్ పెట్టి ఏఓడీ ఆన్ చేశా. వారంలో సగం కూడా గడవకుండా వాచ్ ఆగిపోయింది. మళ్లీ ఛార్జ్ పెట్టా, మళ్లీ అదే కథ. ఏఓడీ ఆఫ్ చేసి చూస్తే మాత్రం బ్యాటరీ నెమ్మదిగానే దిగుతోంది. అంటే తేడా ఎక్కడుందో అర్థమైపోయింది.

దానికి తోడు, ఆ ఏఓడీ కూడా ఫొటోలో చూపించింది కాదు. ప్రకటనలో చెయ్యి కిందికి దించి ఉన్నా తెర నిండా రంగులు, అడుగుల లెక్క, వాతావరణం, గుండె వేగం. నా చేతికున్న వాచ్‌లో అయితే తెర మసకబారి నాలుగు సన్నటి బూడిదరంగు అంకెలు మిగులుతాయి. తేదీ ఉండదు. మనం పెట్టుకున్న ఫేస్ (గడియారం డిజైన్) ఏదైనా సరే, వాళ్లిచ్చిన రెండు మూడు డిజైన్లలోంచే ఒకటి తీసుకోవాలి. ఎండలోకి వెళ్తే అదీ కనబడదు. అన్నిటికన్నా దారుణం, ఏఓడీ ఆన్ చేయగానే చెయ్యెత్తితే వెలిగే సెట్టింగ్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది. మెసేజ్ చూడాలంటే ఇంకో చేత్తో బటన్ నొక్కాల్సిందే. చేతులు ఖాళీ లేవనే కదా ఏఓడీ కావాలనుకుంది! ఈ ముక్క పేజీలో ఎక్కడా లేదు.

ఇక చాట్ సంగతి. మొదట్లో మర్యాదగానే మాట్లాడారు. సీరియల్ నంబర్ అడిగారు, ఇచ్చా. బ్యాటరీ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ అడిగారు, పంపా. చాలాసేపు టైప్ చేస్తున్నట్టు చుక్కలు ఆడుతూనే ఉన్నాయి. ఆఖరికి వచ్చిన జవాబు: “సర్, మీ డివైస్‌లో ఏ లోపమూ లేదు. ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే మీరే ఆన్ చేశారు. ఆఫ్ చేసుకుంటే బ్యాటరీ మేము చెప్పినట్టే వస్తుంది.”

మీరే ఆన్ చేశారట! ఆ ఫీచర్ పేరు చెప్పే అమ్మారు, దానికోసమే కొన్నాను. తీరా వాడితే అది నేను చేసిన నేరంలా మాట్లాడతారా?

సరే, ఆన్‌లో ఉంటే ఎన్ని రోజులొస్తుందో ఒక్క అంకె చెప్పండి అన్నా. “వాడకాన్ని బట్టి మారుతుంది సర్” అన్నారు. మళ్లీ అడిగితే అదే వాక్యం పొల్లు పోకుండా మళ్లీ పెట్టారు. మరి ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా వాడకాన్ని బట్టే కదా, దానికి అంకె ఎలా చెప్పగలిగారు అని అడిగా. జవాబుగా ఒక లింకు పంపారు. తెరిస్తే అదే ప్రొడక్ట్ పేజీ. వారంటీ వివరాలూ, డబ్బాలో ఏమేం వస్తాయన్న జాబితా కూడా దాటి అట్టడుగుకి వెళ్తే, తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగులో, చిన్న చుక్క గుర్తు పక్కన ఒక వాక్యం. బ్యాటరీ పరీక్ష ల్యాబ్‌లో, ఏఓడీ ఆఫ్‌లో, బ్లూటూత్ కాలింగ్ ఆఫ్‌లో పెట్టి చేశారట. ఫోన్ తెర మీద రెండు వేళ్లతో సాగదీస్తే తప్ప చదవలేం.

రిటర్న్ అడిగితే లోపం లేని వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. నేనింకా టైప్ చేస్తూనే ఉన్నా, “మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం” అని చాట్ మూసేశారు. ఆ వెంటనే రేటింగ్ ఇవ్వమని ఇంకో మెసేజ్!

తెర ఎప్పుడూ వెలుగుతుంటే బ్యాటరీ తగ్గుతుందని నాకూ తెలుసు. ఆమోలెడ్ తెరలో వెలిగే ప్రతి పిక్సెల్‌కీ (చిన్న చుక్కకీ) విడిగా కరెంటు కావాలి, నల్లగా ఉన్నచోట అక్కర్లేదు. అందుకే ఏఓడీ ఫేస్‌లు ఎక్కువగా నల్లటి తెర మీద సన్న గీతల్లా ఉంటాయి. ఆపిల్ 2019లో వాచ్ సిరీస్ 5కి ఏఓడీ తెచ్చినప్పుడు, మారే వేగాన్ని తగ్గించుకోగల ఎల్‌టీపీఓ రకం తెర వాడుకుంది. సెకనుకి 60 సార్లు మారే తెర, చెయ్యి దించగానే సెకనుకి ఒక్కసారే మారుతుంది. ఇంత చేసినా ఖర్చు ఖర్చే. వాచ్‌లో పట్టే బ్యాటరీ ఎంతని, గెలాక్సీ వాచ్ 6 చిన్న సైజులో ఉండేది 300 ఎంఏహెచ్. ఫోన్ బ్యాటరీలో పదో వంతు కూడా ఉండదు.

కానీ ఆ తగ్గేది ఎంతో చెప్పేవాళ్లు చెప్తున్నారు కదా! అదే గెలాక్సీ వాచ్ 6కి ఏఓడీ ఆఫ్‌లో 40 గంటలు, ఆన్‌లో 30 గంటలు అని సామ్‌సంగ్ రెండు అంకెలూ ఇచ్చింది. గార్మిన్ ఎపిక్స్ జెన్ 2కి 16 రోజులు, ఏఓడీ పెడితే 6 రోజులు. సగానికన్నా కిందికి పడిపోతోంది, అయినా దాచలేదు. పిక్సెల్ వాచ్ 2కి గూగుల్ చెప్పిన 24 గంటలు ఏఓడీ ఆన్‌లో ఉంచి చెప్పిన లెక్కే. ఆ అంకె ముందే చూసి ఉంటే నాకు సరిపోతుందో లేదో నేనే తేల్చుకునేవాణ్ణి. ఆ అవకాశమే లేకుండా చేశారు, అదే నాకు మింగుడుపడట్లేదు.

నాలాగా టైము ఎప్పుడూ కనబడటమే ముఖ్యమైతే ఎంఐపీ తెర ఉన్న వాచ్‌లు చూడండి. అవి బయటి వెలుతురునే వాడుకుంటాయి, ఎండలో ఇంకా బాగా కనబడతాయి. గార్మిన్ ఫెనిక్స్ 7 అలాంటిదే, తెర ఆర్పకుండానే 18 రోజుల దాకా అని కంపెనీ లెక్క. రంగులు మాత్రం ఆమోలెడ్ అంత ఉండవు, చీకట్లో లైటు వేసుకోవాలి.

కొనేవాళ్లకి చెప్పేది: ఏఓడీ ఆన్‌లో ఎన్ని రోజులో విడిగా రాయని వాచ్ జోలికి పోకండి. కొంటే పేజీ మొత్తం, అట్టడుగు అక్షరాలతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. డబ్బా తెరిచిన రోజే ఏఓడీ ఆన్ చేసి, రిటర్న్ గడువులోపే తేల్చుకోండి. ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు నిద్రపోయే టైముకి ఏఓడీ ఆగేలా షెడ్యూల్ పెట్టుకోండి. ఒకే ఏఓడీ ఫేస్ నెలల తరబడి ఉంచకండి, ఆమోలెడ్ తెర మీద దాని నీడ శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఆ మచ్చకి వారంటీ వర్తిస్తుందో లేదో కూడా కొనకముందే చాట్‌లో అడిగి, జవాబు దాచుకోండి.