గిటార్ బాడీకి నైట్రో లాకరా, టూకే క్లియరా?

ఓపిక ఉంటే నైట్రోసెల్యులోజ్ లాకర్‌కే (ద్రావకం ఆవిరై ఆరే పూత) నా ఓటు. కొత్త కోటు కింది కోటును కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది కాబట్టి, తర్వాత గీత పడినా అతుకు కనబడకుండా సరిచేయొచ్చు. గంటకో పల్చటి కోటు, రోజుకు మూడు చాలు. తేమ రోజుల్లో కొడితే పైన తెల్లటి మసక పడుతుంది. పొడి రోజున రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రావకం) పల్చగా కొడితే చాలావరకు పోతుంది. పాలిష్‌కు 3-4 వారాలు ఆగాలి. తొందరపడితే లాకర్ ఇంకా కుంగి, చెక్క రంధ్రాలు మళ్లీ కనిపిస్తాయి. రబ్బరు స్టాండు తగిలితే మరక ఖాయం. ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు తప్పదు, దగ్గర్లో మంట ఉండకూడదు.

టూకే, అంటే హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపి కొట్టే రెండు భాగాల పూత, కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది, చెమటకూ లొంగదు. కానీ స్ప్రే క్యాన్ అడుగున ఉన్న పిన్ను నొక్కి హార్డెనర్ కలిపాక అది ఒకట్రెండు రోజులే పనికొస్తుంది. ఆరిన కోటు మీద మళ్లీ కొట్టాలంటే ముందు గరుకు కాగితంతో రుద్దాల్సిందే. అసలు చిక్కు హార్డెనర్‌లోని ఐసోసయనేట్లతో (ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు): బయటి గాలి అందించే మాస్కు లేకపోతే టూకే జోలికే పోవద్దు.