బొమ్మ పొట్టలో మైక్రోబిట్ వి2: ఒక టైలరమ్మ రివ్యూ

మైక్రోబిట్ అంటే పిల్లలు కోడింగ్ నేర్చుకోడానికి వాడే చిన్న కంప్యూటరు బోర్డు. దాని మీద నాకు కనబడ్డ రివ్యూలన్నీ కోడింగ్ వచ్చినవాళ్ళు రాసినవే. నేను బెజవాడలో బ్లౌజులు కుట్టుకునే మనిషిని. సూదీ దారం పట్టుకున్నవాళ్ళకి ఈ బోర్డు ఎంతవరకు పనికొస్తుందో చెబుతాను.

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. బృహస్పతి చుట్టూ తిరిగే యూరోపా మీద మంచు పొర కింద సముద్రం ఉండొచ్చని శాస్త్రవేత్తలు అంటారు కదా, ఆ సముద్రంలోంచి వచ్చిన జంతువు బొమ్మ కావాలంది. ఊరికే దూది కూరిన బొమ్మ కాదు. చప్పట్లు కొడితే తిరగాలి (తిరగడం కుదరదని చెప్పి పలకడంతో సరిపెట్టాను), జారిపడితే కేక వెయ్యాలి, చీకటి పడితే పొట్ట వెలగాలి. కోడింగ్ తనది, కుట్టు నాది అని ఒప్పందం.

ఇలాంటి బొమ్మకి ఈ బోర్డు నచ్చడానికి కారణం ఒక్కటే: కావలసినవన్నీ దాని మీదే ఉన్నాయి. కదలిక పసిగట్టే సెన్సరు, మైకు, స్పీకరు, ముట్టుకుంటే తెలుసుకునే లోగో, 25 చిన్న ఎర్ర లైట్లు. 2020లో వచ్చిన ఈ రెండో వెర్షన్‌లోనే మైకూ స్పీకరూ చేర్చారు. పాతదాంట్లో ఉండవు, కొనేటప్పుడు వి2 అవునో కాదో చూసుకోండి. ఆర్డునో అని ఇలాంటిదే ఇంకో బోర్డుంది, దాని నకలు (క్లోను) చాలా చవక, నిజమే. కానీ దానికి ఒక్కొక్క సెన్సరూ విడిగా తగిలించాలి. పిల్ల బొమ్మ చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోతుంటే లోపల ఏదో ఒక వైరు ఊడుతుంది. మెత్తటి బొమ్మలో ఎన్ని వైర్లు తగ్గితే అంత మేలు.

బోర్డు అంచున 0, 1, 2, 3వి (3 వోల్టుల కరెంటు ఇచ్చేది), జిఎన్‌డి (గ్రౌండు, కరెంటు తిరిగి వెళ్ళే దారి) అని ఐదు పెద్ద కన్నాలున్నాయి. క్రొకడైల్ క్లిప్పుల కోసం పెట్టారట గానీ, నాకైతే గుండీ కన్నాల్లాగే కనిపించాయి. కరెంటు పారే స్టీలు దారంతో అక్కడ కాజా కుట్టు దగ్గర దగ్గరగా వేస్తే గట్టిగా పట్టుకుంటుంది. అయితే ఆ పెద్ద కన్నాల మధ్య 20 సన్నటి పట్టీలుంటాయి. స్టీలు దారం పోగులు విడిపోయి పక్క పట్టీకి తగిలితే బొమ్మ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. ముడి వేశాక చుక్క నెయిల్ పాలిష్ పెట్టి, మిగిలిన కొస పూర్తిగా కత్తిరించాలి. ఈ దారాన్ని మిషన్ మీద పైదారంగా ఎక్కించొద్దు, టెన్షన్ దగ్గర చిక్కుపడుతుంది. చేత్తో కుట్టడమే నయం.

ఉతకాలంటే బోర్డు బయటికి రావాలి. అందుకు టిచ్ బటన్లు వాడాను, ఇత్తడివి. లోహం కాబట్టి బటన్ నొక్కితే కరెంటు దారి కూడా కలిసిపోతుంది. ప్లాస్టిక్ టిచ్ బటన్లు ఇక్కడ దండగ. బొమ్మ అరచేతిలో కరెంటు పారే గుడ్డ ముక్క కుట్టి, దాన్ని 1వ కన్నానికి కలిపాం. మేక్‌కోడ్‌లో (బ్లాకులు పేర్చి ఈ బోర్డుకి కోడ్ రాసే వెబ్‌సైటు) ఆ పిన్నును, అంటే ఆ కన్నాన్ని, కెపాసిటివ్ టచ్‌కి (ఫోన్ తెరలా వేలు తగిలితే చాలు తెలుసుకునే పద్ధతి) మారిస్తే ఒక్క దారం చాలు. అలా మార్చకపోతే ముట్టుకునేవాళ్ళు జిఎన్‌డిని కూడా పట్టుకోవాలి.

వేడి చెప్పే బ్లాకు సంగతి వినండి. మంచు జంతువు కదా, వేడెక్కితే దిగులుగా మూలగాలని మా పిల్ల రాసింది. ఆ సెన్సరు చూసేది చిప్పు వేడిని, దానికి తోడు చుట్టూ దూది. మే నెలలో మా ఇంట్లో అది మూలుగు ఆపిందే లేదు. "పిన్నీ, బెజవాడలో ఇది కరెక్టే కదా!" అని పిల్ల దాన్ని అలాగే ఉంచేసింది. నేనైతే తీసేయిస్తాను.

పొట్టకి పల్చటి తెల్ల ఫెల్ట్ వేస్తే లైట్లు బాగా కనిపిస్తాయి. చీకటి కొలిచేదీ ఆ లైట్లతోనే, కాబట్టి గుడ్డ కప్పాక వెలుతురు అంకె పడిపోతుంది. గుడ్డ వేశాకే అంకె చూసి కోడ్‌లో పెట్టుకోవాలి.

నాకు నచ్చనిది గొంతు. లైట్లు ముందుకి పెడితే స్పీకరు వెనకవైపు దూదిలోకి పోతుంది. నవ్వు, ఆవలింత, పలకరింపు లాంటి తయారు శబ్దాలు ముచ్చటగానే ఉంటాయి గానీ దూదిలోంచి పీలగా వస్తాయి. బోర్డు వెనక కన్నాలు పొడిచిన ప్లాస్టిక్ మూత పెట్టి కొంచెం ఖాళీ వదిలితే కాస్త మెరుగు. బొమ్మ తెలుగులో మాట్లాడాలంటే మాత్రం డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న మాడ్యూల్ వేరే పెట్టుకోవాలి. మైక్రో ఎస్‌డీ కార్డులో మనం రికార్డు చేసుకున్న మాటలు అది పలుకుతుంది, 3 వాట్ల లోపు స్పీకరును నేరుగా నడుపుతుంది. దానికి కనీసం 3.2 వోల్టులు కావాలి, మైక్రోబిట్‌కి పెట్టే రెండు ట్రిపుల్ ఏ సెల్లులు చాలవు. దానికి వేరే మూడు సెల్లుల పెట్టె, రెండింటి జిఎన్‌డి కలపడం, సిగ్నల్ దారిలో ఒక 1కె (వెయ్యి ఓములు) రెసిస్టరు, అంటే కరెంటును తగ్గించే చిన్న భాగం, కావాలి. అప్పుడు వైర్లు మళ్ళీ పెరిగాయి కదా, బోర్డు కొన్న లాభం సగం అక్కడే పోతుంది. అందుకే మా యూరోపా జంతువుకి మాటలు రావు, దాని భాష దానిదే.

బటన్ సెల్లులు ససేమిరా వద్దు, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఫోన్లలో ఉండే లాంటి లిథియం బ్యాటరీ కూడా నేరుగా తగిలించొద్దు. నిండా చార్జ్ చేస్తే 4.2 వోల్టులిస్తుంది, ఈ బోర్డు బ్యాటరీ సాకెట్టు అంత తట్టుకోదు. సెల్లుల పెట్టెకి వీపున జిప్పు జేబు కుట్టండి. కేబుల్ పెట్టే చోట వెల్‌క్రో ఉంచండి, లేకపోతే కోడ్ మార్చిన ప్రతిసారీ కుట్లు విప్పాలి.

హైస్కూలు పిల్లలున్న ఇంటికి కొనొచ్చు. మూడేళ్ళ లోపు వాళ్ళకి మాత్రం టిచ్ బటన్లు, సెల్లులు ఉన్న బొమ్మ ఇవ్వకండి. వాళ్ళకి ఇదే బొమ్మ బోర్డు లేకుండా, కళ్ళు దారంతో ఎంబ్రాయిడరీ చేసి కుట్టిస్తాను.