జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌తో ఏడేళ్లు: నాకు నచ్చింది ఆ కీచుమోతే

జె మీట నొక్కితే తెర మీద 'లోడ్' అని మాట మొత్తం పడుతుంది. పక్కన రెండు కొటేషన్ గుర్తులు, ఎంటర్, ఆ తర్వాత టేప్‌రికార్డర్‌లో ప్లే. అక్కణ్ణుంచి ఐదు నిమిషాలపాటు మనకు పనేమీ ఉండదు. స్పెక్ట్రమ్ అంటే 1980లలో బ్రిటన్‌లో వచ్చిన చిన్న ఇంటి కంప్యూటర్. ఆటలూ ప్రోగ్రాములూ మామూలు ఆడియో క్యాసెట్ల మీద కూతలుగా ఉంటాయి, వాటిని విని మెమరీలోకి ఎక్కించుకుంటుంది. దాని గురించి ఎవరు మాట్లాడినా ముందు తిట్టేది ఈ ఐదు నిమిషాలనే. నేను ఏడేళ్లుగా ఈ పెట్టెను ఇంట్లో ఉంచుకున్నది మాత్రం వాటి కోసమే.

ముందు ఏకధాటిగా సన్నటి కూత. తెర అంచుల్లో ఎరుపు, లేత నీలం పట్టీలు నెమ్మదిగా పాకుతాయి. తర్వాత గరగరమంటూ డేటా మొదలవుతుంది, పట్టీలు నీలం, పసుపు అయిపోయి వణుకుతాయి. ఆటకు ముందు ఒక బొమ్మ వస్తుంది కదా, అది వచ్చే తీరు చూడాలి. తెరను మూడు భాగాలు చేసుకుని పై భాగం, నడిమి భాగం, కింది భాగం అని గీతలు పడతాయి. అవీ వరసగా పడవు. ఒకటి వేసి, ఏడు వదిలేసి, మళ్లీ ఒకటి. అలా 6144 బైట్లు పడేవరకూ అంతా నలుపు తెలుపే. చివరి 768 బైట్లు రంగులవి. అవి పైనుంచి కిందికి ఒక్క ఊపులో పరుచుకుంటాయి. మా అమ్మ సంక్రాంతికి ముగ్గంతా పిండితో పెట్టేసి, ఆఖర్న రంగులు నింపేది. అచ్చం అదే వరస. నింపిన ముగ్గు ఎవరైనా చూస్తారు, నాకు వేస్తుంటే చూడటం ఇష్టం.

నా దగ్గరున్నది రబ్బరు మీటల 48కే, అంటే 48 కిలోబైట్ల మెమరీది. బర్మింగ్‌హామ్‌లో ఉండే మిత్రుడు 2018లో సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. 'పరీక్షించాం, పనిచేస్తోంది' అని చెప్పి అమ్మారట. మొదటి వారంలోనే మీటల కింద ఉండే ప్లాస్టిక్ పొర మడత దగ్గర పుటుక్కున తెగింది. ముప్ఫై ఐదేళ్లు దాటిన ప్లాస్టిక్, ఎవర్ననగలం? కొత్త పొరలు ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించి వేసుకున్నాను. బొమ్మను టీవీ చానెల్‌గా మార్చే లోపలి మాడ్యులేటర్‌ను తప్పించి టీవీకి నేరుగా వీడియో తీగ ఇచ్చుకున్నాను కాబట్టి యూహెచ్ఎఫ్ 36వ చానెల్ వెతుక్కునే బాధ కూడా పోయింది. ఇక రెండో ఏడు జరిగింది పూర్తిగా నా తెలివితక్కువతనం. స్పెక్ట్రమ్ అడాప్టర్ ప్లగ్గులో మధ్యది మైనస్. మనకు బజార్లో దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యది ప్లస్. చూసుకోకుండా దోపేశాను. ఒక ట్రాన్సిస్టరు, రెండు మెమరీ చిప్పులు హరీ అన్నాయి. మీరు చెయ్యకండి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి.

స్పెక్ట్రమ్‌ను నేను మొదట చూసింది 1988 వేసవి సెలవుల్లో, కాకినాడలో అక్క వాళ్లింట్లో. బావగారు ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. డెసిబెల్స్ వాళ్లు మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అని అమ్మేవారు, దాన్ని హైదరాబాదు వెళ్లి మరీ కొనుక్కొచ్చారు. దానికి రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ మీటలు, లోపలి సరుకు ఒకటే. ఎనిమిదో తరగతి పూర్తయిన నాకు మానిక్ మైనర్ ఆడటం తప్ప వేరే ధ్యాస లేదు. బావగారు ఆటల జోలికి పోయేవారు కాదు, కూర్చుని ప్రోగ్రాములు రాసుకునేవారు. సాయంత్రమైతే కరెంటు పోయేది. పోతే అప్పటిదాకా కొట్టిందంతా గల్లంతు. అందుకని పది నిమిషాలకోసారి టేపులోకి ఎక్కించుకునేవారు. ఏ టేపు చేతికందితే ఆ టేపులోకి.

అలా ఒకసారి చేతికందింది అక్క పెళ్లి నాదస్వరం టేపు. మా ఇంట్లో ఈ గొడవ 36 ఏళ్లుగా నడుస్తోంది.

నిరుడు కాకినాడ ఇల్లు ఖాళీ చేస్తూ అక్క నాకో బిస్కట్ల డబ్బా ఇచ్చింది. లోపల పదకొండు క్యాసెట్లు. అందులో ఒకదాని మీద అక్క చేతిరాతతో 'మా పెళ్లి' అని, దాని కింద బావగారి రాతతో 'పాలు' అని ఉంది. ఉప్పుగాలికి రీలు అంచులంతా తెల్లటి బూజు. టేపును, దాన్ని చదివే హెడ్‌కు ఆనించి పట్టే చిన్న మెత్త ఊడి, డొక్కులో దొర్లుతోంది. ఐదు మరలు విప్పి, రీళ్లు రెండూ తీసి ఇంకో మంచి క్యాసెట్ డొక్కులోకి మార్చాను. ఆ ఒక్క పనికి ఒక పూట పట్టింది.

ప్లే నొక్కితే ముందు నాదస్వరమే వచ్చింది. సరదా పుట్టి దాన్నే స్పెక్ట్రమ్‌కు వినిపించాను. పాపం అది లోడ్ చేద్దామని శ్రద్ధగా వింటూనే ఉంది. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా అంచుల్లో పట్టీలు ఎగిరెగిరి పడ్డాయి. పదకొండు నిమిషాలయ్యాక సన్నాయి టక్కున తెగిపోయింది. బావగారి గొంతు, ముప్ఫై నిండని గొంతు, "పాల లెక్క. కౌంటర్ రెండొందల పది" అంది. వెంటనే కూత.

తెర మీద 'ప్రోగ్రామ్: పాలు' అని ఇంగ్లిషు అక్షరాల్లో పడింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మూడు సెకన్లు కూడా గడవలేదు, 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్, 0:1'.

నలభైసార్లు తిప్పితిప్పి వేసుంటాను. ప్రతిసారీ పేరు వస్తుంది, అసలు సరుకు రాదు. పేరున్న ముక్క చిన్నది కాబట్టి ఎలాగో గట్టెక్కేది. వాల్యూం పెంచాను, తగ్గించాను, హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాను. మూడో రోజుకు బుర్ర వెలిగింది. నా టేప్‌రికార్డర్ హెడ్‌ను నేనే పనిగట్టుకుని నిటారుగా సరిచేయించుకున్నాను. బావగారి పాత టూ-ఇన్-వన్ హెడ్ అప్పట్లో కాస్త పక్కకు ఒరిగి ఉండుంటుంది. వంకర హెడ్‌తో రికార్డు చేసిన టేపును చదవాలంటే చదివే హెడ్ కూడా అంతే వంకరగా ఉండాలి. నాది సరిగ్గా ఉండటమే ఇక్కడ తప్పయింది.

హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. టేపు తిరుగుతుండగానే దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చెవితో వినాలి. కూత దుప్పటి కప్పుకున్నట్టు ముతగ్గా ఉంటే ఇంకా తిప్పాలి, పళ్లు జివ్వుమంటే సరిగ్గా ఉన్నట్టు. నా చెవులు అంత గొప్పవి కావు. ఏది జివ్వో, ఏది ముతకో తేల్చుకోలేక తంటాలు పడుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ, "అదిగో, ఇప్పుడు శ్రుతిలో ఉంది. ఇంక కదపకండి బాబూ" అంది. పదేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషి. మూడు రోజులుగా ఆ మోత భరిస్తున్న మనిషి కూడా. చెయ్యి తీసేశాను. టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. నీలం, పసుపు పట్టీలు ఆగకుండా చివరిదాకా వణికాయి. '0 ఓకే, 0:1'.

లిస్ట్ కొట్టి ప్రోగ్రాములో రాసిందంతా చూశాను. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకు 21 చోట్లుంటాయి. ఒక్కోటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. బావగారు వాటిలో నాలుగు వాడుకుని తెలుగులో 'పాలు' అని గీశారు. ప్రోగ్రాములో వరసకు ఎనిమిదేసి సున్నాలూ ఒకట్లూ పేర్చి ఉన్నాయి. కళ్లు చికిలించి చూస్తే ఆ అంకెల్లోనే అక్షరం కనబడుతుంది. 'పా' ఇట్టే గుర్తుపట్టొచ్చు. 'లు' మాత్రం నత్తలా చుట్టుకుపోయింది. రన్ అంటే నెలకెన్ని రోజులు, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, నాగాలు ఎన్ని, లీటరు ధరెంత అని అడిగి మొత్తం చెప్పింది. ఇంతకీ దీనికోసమా సన్నాయి చెరిపేసింది!

ఫోన్ చేసి చెప్పాను. "ఏవిట్రా, అది ఇంకా బతికుందా! నీళ్లెన్ని కలిపాడో అడిగే లైను పెట్టలేదు చూడు, అదే నా పొరపాటు" అన్నారు బావగారు. అక్క ఫోన్ లాక్కుంది.

"నాదస్వరం ఎంత మిగిలిందిరా?"

"పదకొండు నిమిషాలక్కా."

"గట్టిమేళం దాకా ఉందా?"

"లేదు. అంతకుముందే పాలు మొదలయ్యాయి."

ఏమీ అనకుండా ఫోన్ బావగారికి ఇచ్చేసింది.

టేపు గురించి ఇంతలా చెప్పాను గానీ, రోజూ అలాగే ఆడుతున్నానని అనుకోకండి. రెండేళ్ల క్రితం వెనక తగిలించుకునే మెమరీ కార్డు పరికరం ఒకటి కొన్నాను. ఆట కన్ను మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. పదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లు అందులోంచే. ముగ్గు సంగతి మళ్లీ ఆదివారం. ఫోన్‌లోంచి సౌండ్ ఫైల్ వినిపించినా లోడ్ అవుతుంది, టేపుకన్నా నమ్మకంగా కూడా. కాకపోతే ఒకసారి నాలుగున్నర నిమిషాలు అయ్యాక, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో 'నీళ్ల ట్యాంకర్ వచ్చింది' అన్న వాట్సాప్ టింగుమంది. ఎర్రర్. అప్పణ్ణుంచి ఏరోప్లేన్ మోడ్. రబ్బరు మీటలు కూడా చూడ్డానికి ముద్దొస్తాయి, గంటసేపు ఆడాక యాభై ఏళ్ల వేళ్లు వేరేగా చెబుతాయి. ప్రోగ్రాములు రాయడానికి మాత్రం ఒక్క మీటకు ఒక మాట పడే పద్ధతి నాకు ఇప్పటికీ హాయిగానే ఉంది.

కొనమంటారా అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. ఆటలే కావాలంటే 2024లో కొత్తగా వచ్చిన 'ది స్పెక్ట్రమ్' ఉంది. అందులోనే 48 ఆటలు, హెచ్‌డీఎంఐ తీగ పెడితే చాలు. మా అబ్బాయి నన్నూ అదే కొనుక్కుని ఈ చెత్తంతా తీసేయమంటాడు. దానికి టేప్‌రికార్డర్ తగిలించుకునే దారి లేదు. మీ ఇంట్లో పాత టేపులు లేకపోతే అది మీకో లోటే కాదు. అసలుదే కావాలంటే మటుకు సోల్డరింగ్ కొద్దో గొప్పో వచ్చుండాలి, ఇంట్లోవాళ్లకు ఓపికుండాలి. నాకు రెండోది ఎక్కువే దొరికింది, అందరికీ దొరుకుతుందని చెప్పలేను. పైగా నేను పక్షపాతిని. బిస్కట్ల డబ్బాలో ఇంకా పది క్యాసెట్లు మిగిలి ఉన్నాయి.

వచ్చే ఆదివారం వేద్దామనుకుంటున్న దాని మీద బావగారి రాతతో 'కరెంటు బిల్లు' అని ఉంది. దాని కింద కొట్టేసిన మాట 'సీమంతం పాటలు'. డబ్బా ఇచ్చేటప్పుడు అక్క చూసుకోలేదనుకుంటాను. నేనైతే చెప్పలేదు.