రీలు తుపాకీ కావాలంటే గోవిందరాజస్వామి గుడి దగ్గరికి వెళ్ళండి

మా వాడికి ఏడేళ్ళు, ఈ దీపావళికి రీలు తుపాకీ, అదే మందు చుక్కలున్న కాయితం రీలు పెట్టి పేల్చే బొమ్మ తుపాకీ, కావాలన్నాడు. పాత ఇనప బొమ్మ తుపాకులు కూడబెట్టుకునే నాకు అంతకంటే ఏం కావాలి! కానీ తిరుపతిలో ఎక్కడ అడిగినా ఎనిమిది బిళ్ళల రింగు పెట్టే ప్లాస్టిక్ పిస్తోళ్ళే చూపిస్తున్నారు. రెండు సాయంత్రాలు తిరిగాక గోవిందరాజస్వామి గుడి పక్క సందులో చిన్న బొమ్మల కొట్టులో దొరికింది.

కొట్టు పెద్దాయన అరడజను తుపాకులు ముందర పెట్టి, రీలు ఒకటి విప్పి ఇచ్చి, "కొట్టి చూసుకో సామీ, పేలిందే తీసుకో" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను మళ్ళీ అక్కడికే వెళ్తాను. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడాలి, వదిలేలోపు రీలు సరిగ్గా ఒక చుక్క మేర పైకి జరగాలి. సగమే జరిగితే సుత్తి రెండు చుక్కల మధ్య ఉత్త కాయితం మీద పడి టక్కుమంటుంది, అంతే. ఆరింటిలో రెండు అలాగే ఉన్నాయి, పక్కన పెట్టేశాను. తీసుకున్నది 220 రూపాయలు, రేకు మందంగా ఉంది, పిడి కూడా వదులు లేదు. రీళ్ళ పెట్టె ఒకటి మాత్రం నెమ్మెక్కి సగం పేలలేదు. దీపావళి అంటే మన దగ్గర వానల రోజులే కదా, పెట్టె విప్పి కాయితం పెళపెళలాడుతోందో లేదో చూసి తీసుకోండి.

ఈ బొమ్మ అమెరికాది. 1865లో అంతర్యుద్ధం ముగిశాక అక్కడ పోత ఇనుముతో చేయడం మొదలుపెట్టారు. కనెక్టికట్‌లో స్టీవెన్స్, ఒహాయోలో కిల్‌గోర్, పెన్సిల్వేనియాలో హబ్లీ పేరున్న కంపెనీలు. 1950ల్లో టీవీలో కౌబాయ్ కథలు వస్తున్నప్పుడు ప్రతి పిల్లాడి నడుముకీ ఒకటి వేలాడేదట, అప్పటికి ఇనుము పోయి జింకు పోత వచ్చేసింది. కూడబెట్టేవాళ్ళు ఒక్కసారి కూడా పేల్చనిదానికి, అట్టపెట్టెతో సహా ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెడతారు. దానికి కారణం ఉంది. చుక్కలో ఎర్ర భాస్వరం, పొటాషియం క్లోరేట్ ఉంటాయి, పేలాక మిగిలే ఉప్పు తేమను పట్టి లోహాన్ని తినేస్తుంది. అందుకే రాత్రికి తడిగుడ్డతో సుత్తి చుట్టూ తుడిచి, బాగా ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయండి. మా నాన్న కొనిచ్చిన తుపాకీ నేను అలా చేయకే తుప్పు పట్టి పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పిల్లలకిచ్చేముందు ఒకటి రెండు మాటలు. చెవికి అడుగు దూరంలోపల పేల్చనివ్వొద్దు, అమెరికాలో పెట్టెల మీద ఇదే రాస్తారు. రీళ్ళు జేబులో తాళాలతో కలిపి పెట్టుకోనివ్వొద్దు, రాపిడికి అంటుకుంటాయి. రీలు మొత్తాన్ని రాయితో కొట్టే సరదా అసలే వద్దు. మేం కొన్నది నల్లటిది, దూరం నుంచి నిజందిలాగే ఉంది, అందుకని మూతికి నారింజ రంగు టేపు చుట్టాను. ఊరి నుంచి వచ్చి కొనేవాళ్ళు కొండకెళ్ళే సంచిలో మాత్రం పెట్టుకోకండి, అలిపిరిలో తనిఖీ ఉంటుంది. దర్శనం చేసుకుని దిగొచ్చాకే కొనుక్కోండి.