క్లస్టల్ ఒమేగా, మాఫ్ట్: ఆరేళ్లు వాడాక

ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాల వరసలను పోల్చడానికి ఒకదాని కింద ఒకటి అమర్చే (ఎలైన్‌మెంట్) సాఫ్ట్‌వేర్లు క్లస్టల్ ఒమేగా, మాఫ్ట్. గ్లోబిన్‌ల (హిమోగ్లోబిన్ కుటుంబపు ప్రోటీన్ల) వరకూ అయితే ఏది వాడినా పెద్ద తేడా లేదు. ఆరేళ్లుగా రెండూ వాడుతున్నాను. రెండూ ఉచితమే, నలభై యాభై వరసలైతే రెండూ క్షణాల్లో తేల్చేస్తాయి. నన్ను ఏడిపించినవి వేరే ఉన్నాయి.

నా పని పక్షుల హిమోగ్లోబిన్ మీద. అందులో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గొలుసులుంటాయి. హిమాలయాలు దాటొచ్చి చలికాలంలో మన చెరువుల్లో దిగే బార్‌హెడెడ్ గూస్ తెలుసు కదా. దాని ఆల్ఫా గొలుసును, అంత ఎత్తుకు పోని గ్రేలాగ్ గూస్ ఆల్ఫా గొలుసును ఒకదాని కింద ఒకటి పెడితే 141 అమైనో ఆమ్లాల్లో మారినవి మూడే: 18, 63, 119. ఈ 119లో ప్రోలీన్ పోయి అలనీన్ వచ్చింది. ఆల్ఫా, బీటా గొలుసులు ఒకదాన్నొకటి ఆనుకునే చోటది. ఈ పక్షి అంత ఎత్తున ఎలా ఎగరగలుగుతోందని చూస్తూ, 1983లో హిమోగ్లోబిన్ నిర్మాణం తేల్చిన మాక్స్ పెరూట్జ్ ఈ మార్పు మీదే దృష్టి పెట్టాడు.

మొదటిసారి నా ఎలైన్‌మెంట్‌లో 119వ గడి చూస్తే ప్రోలీనూ లేదు, అలనీనూ లేదు. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది. యూనిప్రాట్ అనే ప్రోటీన్ డేటాబేస్‌లో కొన్ని ఆల్ఫా గొలుసులు 142 పొడవుంటాయి, ముందు మెథియోనిన్ కలిపి. ప్రోటీన్‌నే నేరుగా చదివి రాసిన పాతవి 141. 142 పొడవున్న వరస ఒక్కటి చేరితే చాలు, గడుల లెక్క ఒకటి జరిగిపోతుంది. సికిల్ సెల్ జబ్బు తెచ్చే మార్పును ఒకచోట 6 అని, ఇంకోచోట 7 అని రాయడానికీ కారణం ఇదే.

దీనికన్నా పెద్ద దెబ్బ రాబందుతో తగిలింది. ఒక రాబందు వరస మిగతా పక్షులతో ఎక్కడికక్కడ విడిపోతోంది. ఎత్తున ఎగిరే పక్షి కదా, వారం రోజులు నాకు నిద్ర లేదు, పేపర్ రాసేసినట్టే అనుకున్నాను. తీరా చూస్తే అది ఆల్ఫా-ఎ కాదు, ఆల్ఫా-డి. పక్షుల్లో ఈ రెండు గొలుసులూ ఉంటాయి, పొడవూ 141 చొప్పునే. దించుకునేటప్పుడు పేరు చివర ఉన్న ఒక్క అక్షరం నేను చూడలేదు. అన్నదమ్ముల పోలిక ఉన్న వరసలు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇబ్బంది లేకుండా అమర్చేసింది, అన్ని వరసల్లో ఒకే అక్షరం ఉన్న గడి కింద పెట్టే నక్షత్రాలు మాత్రం తగ్గాయి. ఆ కోపంలో కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే వేరే ప్రోటీన్‌ని కూడా తెచ్చి గ్లోబిన్‌లతో కలిపి ఇచ్చాను. ఖాళీ గీతలు (గ్యాప్‌లు) గుచ్చి మరీ దాన్నీ వరసలో నిలబెట్టింది! ఇది ఈ కుటుంబంది కాదని ఒక్క మాట కూడా అనదు.

మాఫ్ట్ వైపు నేను మొగ్గేది ఆల్ఫా, బీటా, మయోగ్లోబిన్ (కండరాల్లో ఉండే గ్లోబిన్) మూడూ కలిపినప్పుడు. మిగతా రెంటిలో ఉండే డి హెలిక్స్ అనే చిన్న మెలిక ముక్క ఆల్ఫాలో ఉండదు. ఆ గ్యాప్ సరిగ్గా ఎక్కడ పడాలన్నదాని మీద ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో మాట. వరసలు 200 లోపే ఉంటే మాఫ్ట్‌లో ఎల్-ఐఎన్ఎస్-ఐ అనే పద్ధతి పెట్టుకోండి, కాస్త ఆలస్యమైనా ఓపిక పట్టొచ్చు. ఆ తరవాత కూడా త్రీడీ నిర్మాణం పక్కన పెట్టుకుని గ్యాప్‌ని చేత్తో జరుపుతుంటాను. అందుకు జాల్‌వ్యూ అనే ఎలైన్‌మెంట్ ఎడిటర్ చాలు. రంగులు బాగుంటాయి, వరసలు వందలు దాటితే మాత్రం నా పాత లాప్‌టాప్ మూలుగుతుంది.

వరసల పేర్లలో ఖాళీ వదలకండి. ఖాళీ దగ్గరే పేరు తెగిపోతుంది, అన్సర్ ఇండికస్ (బార్‌హెడెడ్), అన్సర్ అన్సర్ (గ్రేలాగ్) రెండూ ఉత్త 'అన్సర్' అయి కూర్చుంటాయి. అండర్‌స్కోర్ పెట్టుకోవాలి.

ఇంకొకటి, క్లస్టల్ ఎలైన్‌మెంట్‌తోపాటు ఇచ్చే గైడ్ ట్రీ. అది ఏ వరసను ముందు కలపాలో తను చూసుకోవడానికి వేసుకున్న చిత్తు లెక్క. మా పిల్లలు ఏటా దాన్నే పరిణామ వృక్షమని థీసిస్‌లో అతికించుకొస్తారు, ఏటా నేను కొట్టేస్తాను.